బుధవారం నీళ్ళు

బతుకంతా నర్సు ఉద్యోగమే చేశాను. అందులో నేను పడ్డ తగాదాల్లో సగం నీళ్ళ దగ్గరే. కుళాయి దగ్గర బిందెల తగాదా అనుకునేరు, అది కాదు. చంటిపిల్లలకి పోసే నీళ్ళు. ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు ఫోన్ చేసి, మేడం, మీ అనుభవంలోంచి ఏదన్నా నాలుగు మంచి మాటలు చెప్పండి అంటున్నారు. మంచి మాటలు మీ పుస్తకాల్లో బోలెడున్నాయి తల్లీ. నా దగ్గరున్నది ఒక తగాదా. వింటానంటే చెబుతాను, లేదంటే బాపట్ల వచ్చినప్పుడు మా ఇంట్లో కాఫీ తాగి పోండి.

తెనాలిలో నేను చివరిగా పనిచేసిన ఆసుపత్రిలో నాది పసిపిల్లల వార్డు. పుట్టుకతోనే ఏదో ఒక లోపంతో వచ్చిన పిల్లలు అక్కడికి చేరేవాళ్ళు. పెదవి చీలినవాళ్ళు, గుండెలో రంధ్రం ఉన్నవాళ్ళు, వేళ్ళు అతుక్కుపోయినవాళ్ళు. బయటివాళ్ళు అదేదో ఏడుపుగొట్టు వార్డు అనుకుంటారు. నిజం చెప్పొద్దూ, ఆసుపత్రి మొత్తం మీద నవ్వులు ఎక్కువగా వినపడేది మా దగ్గరే. పసివాడికి తన పెదవి చీలిందన్న సంగతి తెలియదు కదా, పాలు కావాలన్న సంగతి మాత్రమే తెలుసు. ఏడుపంతా పెద్దవాళ్ళది.

బుధవారం మాత్రం కాళ్ళ రోజు. పుట్టడమే పాదాలు లోపలికి తిరిగిపోయి పుట్టిన పిల్లలకి ఆ రోజు పిండికట్లు వేసేవాళ్ళం. పాదాన్ని చేత్తో మెల్లగా కొంచెం బయటికి తిప్పడం, తిప్పిన చోటు నుంచి కదలకుండా వేళ్ళ దగ్గర్నుంచి తొడ దాకా కట్టు వేయడం. వారం తర్వాత ఆ కట్టు తీసి, ఇంకొంచెం తిప్పి, మళ్ళీ కట్టు. కాళ్ళు లేతగా ఉన్నప్పుడే మొదలుపెట్టి కొన్ని వారాలు ఓపిక పడితే చాలామందికి పెద్ద ఆపరేషన్ అవసరమే రాదు. షరతు ఒక్కటే, కట్టు తడవకూడదు.

ఆ ఒక్క షరతే మా కొంప ముంచేది. మన వైపు చంటిపిల్లకి నీళ్ళు పోయడమంటే మాటలా? నాయనమ్మో అమ్మమ్మో పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ దాకా లాక్కుని, చాచిన కాళ్ళ మీద పిల్లని పడుకోబెట్టాలి. ఆముదం పట్టించాలి, సున్నిపిండి రుద్దాలి, ముక్కు నొక్కాలి, కాళ్ళూ చేతులూ సాగదీయాలి, కాగులో వేడినీళ్ళు చెంబులతో గుమ్మరించాలి. చివర్లో సాంబ్రాణి పొగ. పిల్ల గుక్కపట్టి ఏడ్చి, ఆ తర్వాత ఒళ్ళెరగకుండా నిద్రపోవాలి. ఇది వారాల తరబడి మానేయండి అని చెప్పిన నర్సుని నాయనమ్మలు ఎలా చూస్తారో మీరు ఊహించుకోండి. తిండి మానమన్నా అంత కోపం రాదు.

కట్లు వేసేది ఇద్దరు. ఒకరు ఎముకల డాక్టరు గారు, చుండూరు వైపు రైతుల ఇంటి పిల్లవాడు. హస్తవాసి బంగారం, మాటల్లో మాత్రం పిసినారి. ఆడవాళ్ళెవరన్నా గొంతు పెంచితే చాలు, ఆయన చెవులు ఎర్రబడేవి. రెండో ఆయన కట్ల టెక్నీషియన్, కాకుమాను మనిషి. డాక్టరు గారు పొదుపు చేసిన మాటలన్నీ ఈయన ఖర్చుపెట్టేవాడు. కట్టు పూర్తయ్యాక తడిచేత్తో నున్నగా రాసి, ఒకడుగు వెనక్కి వేసి, తల పక్కకి వాల్చి చూసుకునేవాడు. వాకిట్లో ముగ్గు వేసిన ఆడపిల్ల కూడా అంత మురిసిపోదు.

అలాంటి ఒక బుధవారం మా గదిలోకి రేపల్లె అవతల సముద్రపొడ్డు ఊరి నుంచి ఒక కుటుంబం వచ్చింది. నెల కూడా నిండని ఆడపిల్ల, వాళ్ళమ్మ, నాయనమ్మ. తండ్రి వేటకి పోయి ఉన్నాడు. పిల్ల రెండు అరికాళ్ళూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. మొహం మాత్రం చందమామ, కళ్ళు తిప్పుతూ మమ్మల్నందర్నీ ఒకసారి పరిశీలించి, పనికొచ్చేవాళ్ళు ఎవరూ లేరని తేల్చుకుని నిద్రపోయింది.

నాయనమ్మది చేపల వేలంపాటలో అరిచి పదునెక్కిన గొంతు. కొంచెం కుంటుతూ నడుస్తోంది. కూర్చోండి మామ్మా అన్నాను మర్యాదకి. ఆవిడ నన్ను కిందినుంచి పైకి చూసి, "మామ్మేంటి? నీకంటే రెండేళ్ళు చిన్నదాన్నే ఉంటా. అక్కా అను, చాలు," అంది. ఆ లెక్క నాకు ఇప్పటికీ అర్థం కాలేదు గానీ, ఆ రోజు నుంచి ఆవిడ నాకు అక్క, నేను ఆవిడకి సిస్టరమ్మ.

మీ వంశంలో ఎవరికన్నా ఇలా ఉందా అని డాక్టరు గారు అడిగారు. అందరినీ అడిగే ప్రశ్నే. మా ఇంటా వంటా లేదండి అని ఆవిడ తడుముకోకుండా చెప్పింది. చెప్పి ఊరుకుందా, కోడలి వైపు చెయ్యి చూపించింది. గ్రహణం పూట కదలకుండా కాళ్ళు చాచుకుని పడుకోవే అంటే వినకుండా, కాళ్ళు మెలేసుకుని పడుకుందట. అందుకే మనవరాలికి కాళ్ళు మెలిపడ్డాయట. కోడలికి ఇరవై దాటాయో లేదో, ఆ మాట అప్పటికే వందసార్లు విన్నదానిలా తల వంచుకుని నిలబడింది. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదని, ఎందుకొస్తుందో ఎవరూ తేల్చి చెప్పలేరని, కొన్ని ఇళ్ళలో మాత్రం తరాల్లో కనపడుతుందని నేను చెబుతుంటే అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మాటల్లో పెట్టి దిగులు పోగొడదామని మా టెక్నీషియన్ ఆవిడ కుంటడం గురించి అడిగాడు. చిన్నప్పుడు కాలి మీద లంగరు పడిందని చెప్పింది. అయ్యో అన్నాడు. అనవసరంగా అడిగావయ్యా అన్నట్టు నేను ఆయన వైపు చూశాను.

మొదటి కట్టు వేశాం. మరుసటి బుధవారం వచ్చేసరికి అది నానిన అట్టలా వేలాడుతోంది. పాదం ఎక్కడిది అక్కడికే పోయింది. ఏమైందంటే, వాన పడిందండి అంది అక్క. నడివేసవిలో వాన! రెండో కట్టుకి ఆముదం జిడ్డు, పసుపు మరకలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే సాంబ్రాణి వాసన. మూడోదయితే మోకాలి దగ్గర విరిగి చేతిలోకి ఊడొచ్చింది. మా టెక్నీషియన్ ఆ ముక్కని పట్టుకుని కాసేపు మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడం నేను చూసింది అదే మొదటిసారి.

ఆ రోజు డాక్టరు గారు తన జీవితంలోకెల్లా పొడుగాటి ఉపన్యాసం ఇచ్చారు. కాళ్ళు రోజురోజుకీ గట్టిపడుతున్నాయి, ఇలాగే తడుపుతూ పోతే కట్లతో లొంగే రోజులు దాటిపోతాయి, అప్పుడు పెద్ద కోత తప్పదు, కోసినా మామూలు పాదం వస్తుందని చెప్పలేను అన్నారు. అక్క ఎదురుతిరిగింది. "కట్టు తీసేటప్పుడు మీరే తొట్టెలో వేసి నానబెడతన్నారు గదా. మీరు తడిపితే వైద్యం, నేను తడిపితే పాపమా?" అంది. డాక్టరు గారి చెవులు ఎర్రబడ్డాయి. మేము తడిపిన వెంటనే మళ్ళీ కట్టు వేస్తున్నామని, ఆవిడ తడిపిన కట్టు వారమంతా అలాగే ఉంటుందని నేను చెప్పాను. విన్నట్టు తలూపింది. వినలేదు.

ఆ తర్వాతి బుధవారం రాలేదు. ఫోన్ చేస్తే కోడలు గొంతు తగ్గించి, అత్తమ్మ వద్దంటుందండి, కట్టు విప్పేసి రోజూ ఇంట్లోనే పిసుకుతుందండి, నా మాట ఎవరింటారు అంది. నాకు ఒళ్ళు మండింది. ఆదివారం సెలవు చూసుకుని, మా టెక్నీషియన్ని వెంటేసుకుని రేపల్లె రైలెక్కాను. ఆయన తన కట్లని అవమానించిన మనిషిని నిలదీస్తానని బయల్దేరాడు. రేపల్లెలో దిగాక టిఫిన్ దగ్గర ఆ కోపం సగం తగ్గింది, ఆటో దిగి ఎండు చేపల వాసన తగిలేసరికి మిగతా సగం పోయి, కొనుక్కుపోదామా సిస్టర్ అన్నాడు.

ఒడ్డున ఆడవాళ్ళు గంపలెత్తుకుని ఇసుకలో నడుస్తున్నారు. మా అక్క ఒక్కతే చీలమండల దాకా నీళ్ళలో నడిచి వస్తోంది. సముద్రం మనుషులు, నీళ్ళంటే అంత ఇష్టం కాబోలు అనుకున్నాను. నన్ను చూడగానే గంప దించి, ఊరందరి ముందు మొదలుపెట్టింది. నీళ్ళు పోయని పిల్ల కూడా ఒక పిల్లేనా, చెమట పట్టి ఒళ్ళంతా పేలిపోయింది, రాత్రుళ్ళు నిద్ర లేదు, కట్టేసిన పశువులాగా పడేసి మీ దారిన మీరు పోతారు, పెంచేది మీరా నేనా అని అడిగింది. జనం మూగారు. నేనేం తక్కువ తిన్నానా? నాకూ గొంతుంది. అంత నీళ్ళ పిచ్చి ఉంటే బుధవారం మా ఆసుపత్రికొచ్చి నా కళ్ళ ముందే పొయ్యి అని అరిచాను.

ఆవిడ ఠక్కున ఆగింది. "పోయనిస్తావా?" అంది.

కోపంలో అన్న మాట. ఆసుపత్రిలో అలాంటిది ఎవరూ ఎరగరు. కానీ చుట్టూ ఊరంతా సాక్షులు, మాట వెనక్కి తీసుకుంటే పరువేం కాను? పోయనిస్తాను, అయితే మధ్యలో చుక్క కూడా తగలనివ్వకూడదు అన్నాను. ఒట్టు అంది. మా టెక్నీషియన్ నా చెవిలో, సిస్టర్, ఆసుపత్రి నడిపే పెద్దసారుకి ఏం చెబుతారు అని గొణిగాడు. నువ్వు చేపలు కొనుక్కో అన్నాను.

మంగళవారం డాక్టరు గారికి విషయం చెప్పాను. ఇకనుంచి ప్రతి బుధవారం పాత కట్టు తీసిన వెంటనే స్నానం, తుడిచి ఆరబెట్టిన వెంటనే కొత్త కట్టు, ఆలస్యం చేయను అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించారు. కొత్త కట్టుకి ముందు చర్మం శుభ్రంగా ఉండటం మంచిదే కదా అన్నారు. ఆయన నోట అన్ని మాటలొస్తే సంతకం పెట్టినట్టే.

బుధవారం అక్క దిగింది. వేలు విడిచిన చుట్టాలింటికి పెళ్ళికి వచ్చినట్టు సరంజామా. ఇత్తడి చెంబు, ఆముదం సీసా, సున్నిపిండి డబ్బా, మెత్తటి పాత చీర, సాంబ్రాణి, ధూపం వేసే మట్టిమూకుడు, అందులోకి బొగ్గులు. పీట ఒక్కటే బస్సులో పట్టలేదట, మా ఆయా తన పీట ఇచ్చింది. వార్డు స్నానాల గదిలో వేడినీళ్ళు తోడి ఉంచాను. మగవాళ్ళని బయటికి పొమ్మంది. డాక్టరు గారు అందరికంటే ముందు పోయారు. ఆ తర్వాత ఆయాని పొమ్మంది. ఆ తర్వాత నా వైపు చూసింది. నేను కదిలేది లేదు, పిల్ల నా పూచీ అన్నాను. తువ్వాలు పట్టుకుని కోడలు మూలన నిలబడింది.

అక్క కాసేపు నిలబడే ఉంది. తర్వాత నిట్టూర్చి, పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ దాకా లాక్కుని కాళ్ళు చాచింది.

కుడి పాదం అందరి పాదం లాంటిదే. ఎడమది లోపలికి తిరిగి ఉంది. అరికాలికి ఉండాల్సిన కాయ పాదం పక్క అంచున ఉంది, జీవితమంతా ఆ అంచు మీదే నడిచినట్టు. లంగరు పడిన కాలు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నా ఉద్యోగమంతా పాదాలు చూసినదాన్ని. ఇది లంగరు పడి వచ్చింది కాదు, పుట్టుకతో వచ్చింది. సముద్రపొడ్డున నీళ్ళలో ఎందుకు నడుస్తుందో అప్పుడు అర్థమైంది. నీళ్ళలో అడుగుజాడలు మిగలవు.

పిల్లని అందించాను. ఆవిడ పిల్లని కాళ్ళ మీద సర్దుకుని, ఆముదం అరచేతిలో పోసుకుని, తలెత్తకుండానే, "చూశావుగా," అంది.

"చూశానక్కా."

"రెండూ ఇట్టానే పుట్టినయ్యంట. మా అమ్మ రోజూ నీళ్ళు పోసి, నూనె రాసి, లాగి లాగి ఒకటి దారికి తెచ్చింది. రెండోది వచ్చేలోపు అమ్మ పోయింది. నీళ్ళు ఆగినయి, కాలూ ఆగిపోయింది. ఇప్పుడు నువ్వొచ్చి ఈ పిల్లకి నీళ్ళు ఆపమంటే ఎట్టా ఆపేది?"

ఆ దారికొచ్చిన కాలిది మెత్తని వంకర అయ్యుంటుంది, తనంతట తనే సర్దుకునే రకం అని నా చదువు చెప్పింది. నోరు మూసుకో అని కూడా అదే చదువు చెప్పింది. ఇన్నాళ్ళూ ఆవిడది మొండితనం అనుకున్నాను. భయం అని అప్పుడు తెలిసింది.

"అక్కా, మీ అమ్మ చేత్తో లాగిందే మేమూ లాగుతున్నాం," అన్నాను. "లాగింది లాగినట్టు ఉండాలంటే రోజంతా పట్టుకుని కూర్చోవాలి. ఏ అమ్మ కూర్చోగలదు? ఆ కట్టు అందుకే. అది అలిసిపోని చెయ్యి."

ఆవిడ పిల్ల పాదం చేతిలోకి తీసుకుని, నేను చెప్పింది తూకం వేస్తున్నట్టు కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత మూలన ఉన్న కోడలి వైపు చూడకుండానే అంది. "గ్రహణం లేదు, గాడిదగుడ్డు లేదు. నా కాలే దీనికొచ్చింది. నువ్వేం చెయ్యలేదు."

నీ తప్పూ కాదక్కా, ఎవరి తప్పూ కాదు అని నేను అంటూనే ఉన్నాను. కోడలు ముందుకొచ్చి, చెంబు అందుకుని, ముంచి, మొదటి చెంబు అత్తగారి వంకర పాదం మీద పోసింది. పిల్ల మీద పొయ్యవే అని అక్క కసిరింది. కసురు మాటల్లోనే ఉంది, గొంతులో లేదు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి పోశారు. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది, ఏడుస్తూనే నిద్రలోకి జారింది. ముగ్గురం ముక్కులు చీదుకున్నాం.

అంతా బాగానే ఉండేది, అక్క ఆ మూకుడులో నిప్పు రాజేసి సాంబ్రాణి గుప్పెడు వేయకపోతే. చిటికెడు చాలక్కా అనేలోపే గది నిండింది. కిటికీ వైపు పరిగెత్తి తెరిచాను. పొగ కిటికీని పట్టించుకోకుండా తలుపు కింద నుంచి వార్డులోకి, వార్డులోంచి వరండాలోకి, వరండాలోంచి పెద్దసారు గదిలోకి పోయింది. నిప్పంటుకుందని ఎవరో కేక వేశారు. పెద్దసారు ఇసుక బకెట్టుతో సహా మనిషిని వెంటేసుకుని వచ్చి తలుపు తోశారు. పొగలో ముగ్గురు ఆడవాళ్ళం, కళ్ళూ ముక్కులూ ఎర్రగా, మధ్యలో కదలకుండా పసిపిల్ల. ఆయన మొహం పాలిపోయింది.

"ఎవరమ్మా పోయింది?" అన్నారు.

ఎవరూ పోలేదు సార్, స్నానం అవుతోంది అన్నాను. నా ఉద్యోగం సంగతి ఆ నిమిషంలో నేను తేల్చేసుకున్నాను. అప్పుడు ఆయన వెనక నుంచి మా డాక్టరు గారు, చెవులు ఎర్రగా, కానీ గొంతు గట్టిగా, కట్టు వేయడంలో ఇదొక భాగం సార్ అన్నారు. పెద్దసారు ఆయన వైపు చూశారు, నా వైపు చూశారు, చివరికి అక్క వైపు చూశారు. అక్క, మీరూ కాస్త పొగ పట్టండి సార్, జలుబు చేసినట్టుంది అంది. స్నానానికి అనుమతి, సాంబ్రాణికి నిషేధం అని చెప్పి ఆయన వెళ్ళిపోయారు. ఇసుక బకెట్టు మాత్రం చాలాకాలం మా గుమ్మం దగ్గరే ఉండిపోయింది.

ఆ రోజు వేసిన కట్టు తర్వాతి బుధవారం వేసింది వేసినట్టు తిరిగొచ్చింది. మా టెక్నీషియన్ దాన్ని తట్టి చూసి, ఖంగుమంది సిస్టర్ అన్నాడు, కుండలు కొనేవాడిలా. ఆ తర్వాతిదీ అంతే. మిగతా నాయనమ్మలు ఊరుకుంటారా? మా పిల్లలకి మాత్రం నీళ్ళు అక్కర్లేదా అన్నారు. బుధవారం పొద్దున మా స్నానాల గది ముందు చెంబులు వరస కట్టేవి. ఎవరన్నా ఇంట్లో కట్టు తడిపారని తెలిస్తే వాళ్ళ సంగతి నేను చూసే పని లేదు, అక్క చూసుకునేది. నా కంటే బాగా తిట్టేది కూడా.

కట్లు అయ్యాయి, మడమ వెనక నరానికి చిన్న కోత అయింది, చివరి కట్టు అయింది. తర్వాత రెంటినీ కలుపుతూ మధ్యలో కడ్డీ ఉన్న బూట్లు. అవి రాత్రుళ్ళు కొన్నేళ్ళపాటు వేయాలి. అక్కడే చాలామంది జారిపోతారు. పిల్ల ఏడుస్తుంది, నడుస్తోంది కదా, ఇంకెందుకులే అంటారు, పాదం మళ్ళీ తిరుగుతుంది. అక్క జారలేదు. మనవరాలు బూట్లు విసిరేస్తే, మళ్ళీ తొడిగి పక్కన పడుకునేదని కోడలు చెప్పింది. కోడలు ఆ మాట నవ్వుతూ చెప్పింది, అదీ నేను గమనించాను.

నేను రిటైరై బాపట్ల వచ్చేశాను. మొన్న కార్తీక పౌర్ణమికి సూర్యలంకలో స్నానానికి పోతే, అంత జనంలో, అంత హోరులో, సిస్టరమ్మా అని ఒక కేక. సముద్రం కూడా ఒక క్షణం తగ్గినట్టనిపించింది. అక్క! చుట్టాలింటికి వచ్చిందట. నువ్వు ముసలిదానివైపోయావు సిస్టరమ్మా అంది. నీకంటే చిన్నదాన్నే అన్నాను. కాదు అంది. పక్కన మనవరాలు, బళ్ళో చేరిందట, ఒక్కచోట నిలబడటం లేదు.

ముగ్గురం నడిచాం. కొంతదూరం పోయాక చూశాను, అక్క నీళ్ళలో లేదు. తడి ఇసుక మీద నా పక్కనే నడుస్తోంది. వెనక మా అడుగులు పడుతున్నాయి. పిల్ల వెనక్కి పరిగెత్తి, తన అడుగులు చూసుకుంది, తర్వాత నాయనమ్మవి చూసింది. ఒకటి నిండు పాదం, ఒకటి సగం. ఆ సగం అడుగులో తన పాదం పెట్టి చూసుకుంది. కుదరలేదు.

"నాయనమ్మా, నీది ఇట్టా పడిందేంటి?"

ఇప్పుడు లంగరు వస్తుంది అనుకున్నాను.

"పుట్టటమే అంతే," అంది అక్క. "మా అమ్మకి బుధవారం దొరకలేదే."

"నాకు దొరికిందా?"

"నీకు దొరికింది. ఇంక పరిగెత్తు."